ఇంటికుట్టు దండుగమారి పనియా?

బజారులో సిద్ధముగా కుట్టిన దుస్తులు గుట్టలుగా పడియుండగా, టేపును కత్తెరను చేతబట్టి, మిషను ముందు గంటలకొలది కూర్చుండి, పిల్లకు పరికిణీయు, తల్లికి రవికయు, స్నేహితురాలి క్రొత్త యింటికి కిటికీతెరలును కుట్టిపెట్టుట కాలమును ధనమును దండుగ చేసికొనుటయే యను నభిప్రాయము నేడు చదువుకొన్నవారి యిండ్లలో ఎదురులేక చెల్లుచున్నది. ఈ మాట యనువారు దుర్మార్గులు కారు. పెక్కుమంది కుట్టువారి మేలు కోరియే యందురు. “అంత అవస్థ ఎందుకే తల్లీ, ఆ డబ్బుకు బజార్లో రెండొస్తాయి” అని మేనత్త జాలిపడును. “ఇంత చదువు చదివి మిషను తొక్కుకుంటూ కూర్చుంటావా?” అని అన్నగారు మందలించును. తొడుగుకొన్న చొక్కా ఎక్కడ కొన్నారని ముచ్చటపడి యడిగిన చుట్టము సయితము, ఇంట కుట్టినదని వినగానే, “ఓహో, ఇంట్లోనేనా!” యని గొంతు తగ్గించును. నలుదిక్కులనుండి ఒక్కమాటయే వినవచ్చుచున్నప్పుడు అదియే సత్యమని తోచుట సహజము. ఆ తోచుటలో నిజమెంతయో పరీక్షించుటకే మేము కలము పట్టితిమి.

ఎదుటివాని వాదమును ముందుగా కుంటిదానిని చేసి పిమ్మట పడగొట్టుట న్యాయము కాదు గనుక, పూర్వపక్షమును దాని పూర్ణబలముతోనే చెప్పెదము. ఇంటికుట్టు ధరకు నిలువదు. వెచ్చించిన కాలమునకు తగిన ఫలమీయదు. చూపునకు బజారు సరకుతో తులతూగదు. అన్నిటికి మించి, ఆడువారిని తరతరములుగా ఇంటిమూలకు కట్టివేసిన చాకిరిలో నిదియు నొకటి గనుక, దానిని మరల మెచ్చుకొనుట వెనుకకు నడచుటయే యగును. ఇదియే వారి వాదసారము.

మొదట ధర మాట. ఇంట కుట్టిన బట్ట చవుకగా పడునని చెప్పి మా పక్షమును సమర్థించువారు కలరు. వారి సాయము మాకక్కరలేదు. చిల్లరగా మీటరు లెక్కన కొన్న గుడ్డ, లోపలి లైనింగు, దారపురీళ్లు, హుక్కులు, జిప్పు అన్నియు కలిపి లెక్కవేసినచో, సామాన్యమైన చిన్నపిల్ల గౌను కూడ నేడు బజారుధరను దాటుటయే తరచు. టోకున తానులు తెప్పించి, పొరమీద పొర పేర్చి, ఒక్క కోతతో పదులకొలది ముక్కలు తీయు కర్మాగారముతో ఇంటి కత్తెర పందెము వేయజాలదు. ఈ సంగతి యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. మేము సంకోచించునది ఆ చవుకదనము ఎవరి లెక్కలోనుండి తీసినదో అడుగక మురియుటకే. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశమున, ఢాకా చెంతనున్న సవారులో, రాణా ప్లాజా యను ఎనిమిదంతస్తుల మేడ కూలి 1,134 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు విదేశముల బజారులకు దుస్తులు కుట్టు కూలివారు. గోడలు బీటలు వారినవని ముందునాడే తెలిసెను. క్రింది భాగముననున్న బ్యాంకును దుకాణములను మూసివేసిరి. పై అంతస్తుల కుట్టువారిని మాత్రము మరునాటి యుదయము పనిలోనికి రప్పించిరి. అంతకు నూరేండ్లకు పూర్వము, 1911 మార్చి 25న, న్యూయార్కులోని ట్రయాంగిల్ కర్మాగారమున తలుపునకు తాళము వేసియుండగా నిప్పంటుకొని 146 మంది మరణించిరి. ఇన్నేండ్ల నడుమ యంత్రములు మారినవి, దేశములు మారినవి. తొందరపెట్టి చవుకగా కుట్టించుకొను పద్ధతి మాత్రము మారలేదు. సొమ్మొకరిది సోకొకరిది యను సామెతకు ఇంతకంటె వేరు వ్యాఖ్యానమేల?

సిద్ధదుస్తులు కొనుట పాపమని మేము చెప్పుటలేదు. ఆ కర్మాగారములలో కూలి సంపాదించు ఆడుబిడ్డల కూడు పడగొట్టుట మా తాత్పర్యమును కాదు. ధర యొక్కటియే యోగ్యతకు కొలత యనువారితోనే మాకు పోరు. ధరనే కొలతగా తీసికొందమన్నను, కొన్ననాటి ధరనే చూచుట ఏమి లెక్క? ఎన్నేండ్లు తొడిగితిమో దానితో భాగించి చూడవలదా?

ఇంట కుట్టిన రవిక నొకదానిని లోపలివైపు త్రిప్పి చూడుడు. ప్రక్కకుట్టు వెంబడి అంగుళమో అంగుళమున్నరయో గుడ్డ విడిచియుందురు. అందులో కాలంగుళపు ఎడముతో రెండు మూడు కుట్ల వరుసలు సాగియుండును. తొడుగుకొను మనిషి కొంచెము ఒళ్లు చేసినప్పుడు ఒంటికి దగ్గరగానున్న వరుస విప్పినచో, ముందువెనుకల పొరలును రెండు ప్రక్కలును కలిసి చుట్టుకొలతలో అంగుళము వదులగును. మరల విప్పిన మరియొక యంగుళము. పిల్ల పరికిణీ సంగతియు నట్టిదే. అంచునకు పైగా రెండు మూడు మడతలు వేసి కుట్టి, పిల్ల పొడుగెదిగిన కొలది ఏటికొకటి చొప్పున విప్పుదురు. విప్పినచోట ఎండ తగులని రంగు ముదురుగా నిలిచి, నిరుడు పిల్ల ఎంత పొడుగుండెనో గీత గీసినట్లు తెలియజేయును. కుట్టునాడే రాబోవు మూడేండ్ల యెదుగుదలను ఊహించి గుడ్డ విడిచిన చేతికి ఆ పిల్ల ఎవరో తెలియును. బజారు గౌనులో ఓవర్‌లాకు కుట్టునకు ఆవల విప్పుటకు గుడ్డయే యుండదు. ఉండిన యెడల అది కర్మాగారము లెక్కలో నష్టము. పిల్ల యెదిగినంత మాత్రమున బట్ట పనికిరానిదగుటయే ఆ వ్యాపారమునకు లాభము. ఇట్టి బట్టను చవుక యనుట ఏ గణితశాస్త్రము?

ఇక సొంపు మాట. యంత్రాగారపు కుట్టు తీరుగా నుండునని, ఇంటికుట్టు వంకరపోవునని యందురు. క్రొత్తగా నేర్చినవారి చేతిలో వంకరపోవుట నిజమే. ఏ విద్య మొదటిరోజున వంకరపోలేదు? అయినను, కుట్టు వరుస తిన్ననగుటయే సొంపు కాదు. బట్ట మనిషికి అమరుట సొంపు. సిద్ధదుస్తుల వర్తకము మనుష్యులందరిని చిన్న, మధ్యమ, పెద్ద యను మూడు నాలుగు మూసలలో పోసి, ఆ మూసలో ఇమడనివానిని లోపము తనదే యని నమ్మించినది. వయసు మీరి వెన్ను వంగిన పెద్దాయనకు బజారు చొక్కా వెనుకవైపు పైకి లేచి, ముందువైపు వ్రేలాడును. వీపు కొలత ముందుకొలతకంటె ఎక్కువ వేసి కుట్టినగాని ఆ చొక్కా తిన్నగా నిలువదు. పక్షవాతముతో ఒక చేయి లేవని తల్లికి తలమీదుగా తొడుగు బట్ట నిత్యహింస. భుజము మీదనో ప్రక్కననో తెరచి, నాడాలతో ముడివేయునట్లు కుట్టినచో, తొడుగువారికి తొడిగించువారికి గూడ సుఖము. ఈ బట్టలు ఏ దుకాణమున దొరకును? దొరకుట అరుదు, ఏలయన, వేలమందికి అమ్ముడుపోని కొలత వర్తకుని దృష్టిలో కొలతయే కాదు. ఇంటిలో కుట్టువానికి మాత్రము ఆ యొక్క మనిషి చాలును.

గృహోపకరణములైన తెరలు, గలీబులు, దిండ్లు, కుర్చీతొడుగుల విషయమున ఈ సంగతి మరింత స్పష్టము. మన యిండ్ల కిటికీలు దుకాణపు తెరలను కొలిచి కట్టినవి కావు. ఒకటి పొట్టి, ఒకటి వెడల్పు, వంటయింటిది చదరము. తెర కుచ్చెళ్లతో నిండుగా పడవలెనన్న కిటికీ వెడల్పునకు ఒకటిన్నర రెట్లనుండి రెండు రెట్ల వరకు గుడ్డ కావలెను. నూలు తెరకు క్రింద మూడు నాలుగంగుళముల మడత విడిచిననే తొలి యుతుకులో కుంచించుకొన్నను, మడత విప్పిన నేల అందును. సిద్ధముగా దొరకు తెరలలో పెక్కింటికి ఈ రెండును కొరతయే. అందుచేతనే కిటికీకి తెర కట్టినట్లుగాక గుడ్డ ఆరవేసినట్లుండును. పెడన కలంకారీ అద్దకపు గుడ్డనో, పోచంపల్లి నేతనో తెచ్చి, పూవు పూవుతో, గడి గడితో కలియునట్లు అతికి కుట్టిన తెరను చూచినవారు సొంపు ఎచటనున్నదో మాకు చెప్పనక్కరలేదు.

కాలము మాటకు వత్తము. ప్రతిగంటకు కూలి కట్టి, కుట్టినగంటలను ఆ కూలితో గుణించి, “ఈ గౌను నీకింత పడింది” అని చూపు లెక్కలరాయుళ్లు కలరు. గంట యంతయు అమ్మకపు వస్తువేయను నమ్మకము వారి లెక్కకు మూలము. సెలవునాటి మధ్యాహ్నమున కుట్టుకొనక ఊరకున్నవానికి ఎవరైన కూలి యిచ్చుచున్నారా? హోటలులో ఇడ్డెనలు దొరకుచున్నవని యింట పొయ్యి ఆర్పివేసినవారెవరు? వంట విషయమున ఈ లెక్కను వేయుటకు నోరాడనివారు కుట్టు విషయమున మాత్రము గడియారము చూచుట విచిత్రము.

యంత్రములను గూర్చి కఠినముగా మాటలాడిన గాంధీమహాత్ముడు 1924లో యంగ్ ఇండియా పత్రికలో ప్రకటితమైన సంభాషణములో కుట్టు మిషనునకు మాత్రము మినహాయింపు నిచ్చెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమ చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన చెప్పిన దాంపత్యకథ చరిత్రకు నిలువదు. 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగరు వేరువేరుగా హక్కుపత్రములు పొందిరి, ఆ యంత్రము చుట్టు ప్రేమకంటె వ్యాజ్యములే యెక్కువ నడచినవి. కథ నిలువకున్నను ఆయన తీసిన గీత నిలిచినది. మనిషి శ్రమను తగ్గించుచు మనిషిని పనిలోనుండి తొలగింపని యంత్రము మేలైనది. కాలి పెడలు త్రొక్కు పాత మిషనైనను, విద్యుత్తుతో నడచు నేటి మిషనైనను, గుడ్డ నెటు త్రిప్పవలెనో నిర్ణయించునది కూర్చున్న మనిషియే. ఆ మనిషి యేకాగ్రముగ గడపిన గంటను దండుగ యనువారు, చేతిఫోనులోని బొమ్మలను వ్రేలితో తోయుచు గడపు గంటల కేమి పేరు పెట్టుదురో మేమడుగము, వారే యోచింపవచ్చును.

మిగిలిన యాక్షేపము ఒకటి యన్నిటికంటె గట్టిది. దానిని తేలికగా కొట్టివేయువాడు ఆలోచనాపరుడు కాడు. కుట్టుపని ఆడువారి మెడకు కట్టిన గుదిబండ యను మాటలో చరిత్ర యున్నది. పెండ్లిచూపులలో పాటతోపాటు “కుట్లు అల్లికలు వచ్చునా?” యను ప్రశ్న పడని యిండ్లు ఒకప్పుడు తక్కువ. పశ్చిమగోదావరి జిల్లా నరసాపుర ప్రాంతమున మిషనరీలు నేర్పిన లేసు అల్లిక విదేశములకు ఎగుమతి యగుచుండగా, అల్లిన స్త్రీలను ఇంటిపట్టున తీరికవేళ అల్లుకొను గృహిణులుగానే లెక్కించి అత్యల్పమైన కూలి యిచ్చిరని, లాభము వర్తకులదయ్యెనని సమాజశాస్త్రజ్ఞురాలు మేరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథము నిరూపించినది. తీరికవేళ యను మాటకు ఎంత కత్తియంచున్నదో ఆ గ్రంథము చదివిన వారెరుగుదురు.

ఈ యన్యాయమునకు మూలమేది? సూదియా? సూదికి వెల కట్టు పద్ధతియా? మన ఊళ్లలో దర్జీలు, మేరవారు అధికసంఖ్యాకులు మగవారే. అంగడిలో మగవాడు కుట్టినప్పుడు అది విద్య, దానికి కూలి కలదు, పేరు కలదు. అదే రవికను ఇంట స్త్రీ కుట్టినప్పుడు అది కాలక్షేపము. ఇంటికుట్టును కాలక్షేపమని యీసడించువారు స్త్రీలను విడిపించుచున్నామని తలచుచు, నరసాపురపు వర్తకుని మాటనే పలుకుచున్నారు. ఇంటి శ్రమ విలువ లేనిదని ఆతడన్నాడు లాభముకొరకు, వీరన్నారు సంస్కారముకొరకు, ఫలితము మాత్రమొక్కటియే.

ఇదే సూది వేరొకచోట వేరుపని చేసినది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మదరాసున స్థాపించిన ఆంధ్రమహిళాసభ దిక్కులేని స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులలో శిక్షణ నిచ్చి, తమ కాళ్లపై తాము నిలుచు దారి చూపినది. కావున, గుదిబండను తొలగింపవలెనన్న చేయవలసినవి రెండు: కుట్టు నేర్చుట ఆడుపిల్లకు విధియనుట మానవలెను, మగపిల్లవానికి సిగ్గనుటయు మానవలెను. కుట్టును “స్త్రీధర్మ”మని పొగడుచు మా ప్రక్కన నిలువవచ్చు పెద్దలకు మా నమస్కారము. వారు దయచేసి అవతలి పక్షమున నిలిచినచో మాకు మేలు చేసినవారగుదురు. చొక్కాకు గుండీ ఊడినంతనే భార్యకై కేకవేయు మగవాని కంటె నిస్సహాయుడెవడు?

ఇంటికుట్టు దర్జీల పొట్టకొట్టునను నాక్షేపము గూడ నొకటి కలదు. దర్జీల వీధులను ఖాళీచేసినది సిద్ధదుస్తుల బజారు గాని ఇంటి మిషను కాదు. ఇంట కుట్టువారే దర్జీకి మంచి గిరాకులు. క్రాస్‌కట్టు రవికలో చంకదగ్గర ముడుత పడకుండ కోయుట ఎంత కష్టమో తాము ప్రయత్నించి చూచినవారు గనుక, కూలి దగ్గర బేరమాడరు. కోటు కుట్టవలసినప్పుడు తమ మితి తెలిసి దర్జీ నాశ్రయింతురు.

ఇంతవరకు ఎదుటివారి మాటలకు బదులు చెప్పితిమి; ఇక మా పక్షమున ప్రధానమైనది చెప్పెదము. కుట్టు ఇంటినుండి పోయినప్పుడు దానితోపాటు బట్టను గూర్చిన వివేకము గూడ పోయినది. కుట్టెరిగినవారు గుడ్డను చేతబట్టగానే వెలుతురునకెత్తి పడుగుపేకల బిగువు చూతురు. అంచున రెండు పోగులు లాగి దీపమునకు చూపుదురు. నూలుపోగు కాగితము కాలిన వాసనతో కాలి బూడిద యగును. పాలియెస్టరు పోగు కరిగి గట్టి గుండుగా ముడుచుకొనును. లైనింగు గుడ్డను తడిపి ఆరవేయక కోసినచో, తొలియుతుకులోనే లోపలిపొర కుంచించి పైపొర ముడుతలు పడునని వారికి తెలియును. ఈ తెలివి లేని కొనుగోలుదారు బట్టను చీటీ చూచి నమ్మును, వన్నె చూచి మోసపోవును, చిరిగిననాడు పారవేయును. ఒక కుటుంబమున ఒక్కరు కుట్టెరిగియుండిన, మిగిలిన వారందరు మోసమునుండి తప్పుకొందురు.

ఈ వివేకము ఇంటితో ఆగదు, మగ్గము వరకు పోవును. పొందూరు ఖద్దరైనను మంగళగిరి నూలైనను మీటర్లలెక్కన గుడ్డగా వచ్చినప్పుడు, దానిని కోసి కుట్టువారు గాని కుట్టించుకొనువారు గాని యుండినగదా దానికి గిరాకి! సిద్ధదుస్తులు తప్ప మరియొకటి యెరుగని యింటిలో మగ్గపు గుడ్డకు పని లేదు. నేతగానిపై జాలి ప్రకటించు సభలలో ఉపన్యసించు పెద్దలు ఇంట కత్తెరను తుప్పుపట్టనిచ్చుట అర్థరహితము.

ఇచట కుట్టువారి పక్షమున ఇతరులకు ఒక మాట చెప్పక తప్పదు. కుట్టు వచ్చినదని తెలియగానే చీరలకు ఫాల్సు, రవికలకు హుక్కులు, పరుపునకు గలీబులు మూటగట్టి తెచ్చి, “నీకు చిటికెలో పని” యనువారు బంధువులలో స్నేహితులలో పెక్కురు కలరు. ఆ చిటికెలో ఎన్ని గంటలున్నవో వారికి తెలియదు. కుట్టును దండుగ యనువారే ఊరక కుట్టిపెట్టుమని యడుగుటలో ముందుందురు. దండుగమారి పని యైనచో తమ దండుగను తామే భరింపవచ్చును గదా! ప్రీతితో ఇచ్చినది కానుక. అడిగి చేయించుకొన్నదానికి ప్రతిఫలము ఋణము. ఆ ప్రతిఫలము డబ్బే కానక్కరలేదు. కుట్టువారు కుట్టునంతసేపు వారి యింట వంట చేసిపెట్టిన చాలును. ఇట్టి యిచ్చిపుచ్చుకొనుట యున్నచోట కుట్టు చాకిరి కాజాలదు.

సమస్తమును ఇంటనే కుట్టుకొనవలెనని మేము శాసించుటలేదు. బనీన్లను, వానకోట్లను యంత్రాగారము మనకంటె మేలుగా చేయును, చేయనిండు. గుండీ కుట్టుట, అంచు మడచుట, చిరుగునకు మాసిక వేయుట, గలీబు కుట్టుట, కుట్టు విప్పి వదులు చేయుట అను అయిదు పనులు ఆడుమగ భేదము లేక ప్రతిపిల్లయు బడిలో నేర్చినచో చాలును. చేతిపనిని విద్యకు కేంద్రముగ నిలుపవలెనని 1937లోనే వార్ధాలో సంకల్పించిన దేశము మనది. ఆ తరువాత కోరిక గలవారు రవిక వరకు, చొక్కా వరకు పోవుదురు. లేనివారు ఆ యయిదింటితోనే బ్రతుకంతయు మోసపోకుండ బట్ట కట్టుదురు.

ధరకు నిలువదన్నవారికి బట్ట ఆయుర్దాయము చూపితిమి. సొంపు లేదన్నవారికి మనిషి కొలత చూపితిమి. కాలము వృథా యన్నవారిని వారి గంటల లెక్కనే యడిగితిమి. బానిసత్వమన్నవారికి బానిసత్వము సూదిలో లేదని, సూదికి వెలకట్టని కంటిలో నున్నదని నిరూపించితిమి. ఇంకను ఇంటికుట్టు దండుగయే యనువారు తమ యింటి బట్టలలో ఏ యొక్కదాని చిరుగునైన తమ చేతులతో కుట్టి, పిమ్మట వాదమునకు రావలెను. బట్ట సంగతి తెలియనివారి తీర్పునకు బట్ట కుట్టువారు తలయొగ్గవలసిన పని లేదు.